కాస్త ఆగి తిరిగే పలక

మొన్న ఆదివారం మా అన్న మనవరాలు కొత్త కంప్యూటరు ఒకటి చంకన పెట్టుకొని ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చింది. చూడటానికి అందరి దగ్గరా ఉండే ల్యాప్‌టాప్ లాగే ఉంది గానీ, తెరను వెనక్కి పూర్తిగా మడిచేస్తే కీబోర్డు అడుగుకు పోయి మొత్తం ఒక పలక అయిపోతుంది, దాన్ని ఒళ్లో పెట్టుకొని వేలితోనో పెన్నుతోనో రాసుకోవచ్చు. కొన్న కొద్ది రోజులకే అందులో ఉన్న విండోస్‌ను పీకేసి లినక్స్ వేసుకుందట. అంతవరకూ బాగానే ఉంది, ఆ తరువాతే తెర మడిచినా బొమ్మ తిరగడం మానేసింది, అడుగున ఉన్న కీలు తొడకు తగిలి వాటంతట అవే అక్షరాలు కొట్టడం మొదలుపెట్టాయి. అంగళ్లలో కుర్రాళ్లను అడిగితే మళ్లీ విండోస్ వేసుకోమన్నారట. మీ తాత ఒకప్పుడు కంప్యూటర్లకు వైద్యం చేసేవాడని ఎవరో గుర్తు చేస్తే ఇటు వచ్చింది.

నా కళ్లు ఇప్పుడు అంత బాగా లేవు, అక్షరాలు పెద్దవి చేస్తే తప్ప ఆనవు, అయినా నల్ల తెర మీద ఆదేశాలు కొట్టడం మొదలుపెట్టేసరికి వేళ్లకు పాత అలవాటు తిరిగొచ్చింది. లోపల వాలును కనిపెట్టే సెన్సారు ఉందో లేదో చూశాను, ఉంది. అది చెప్పే మాట వినే చిన్న ప్రోగ్రాము లేదు, దాన్ని ఎక్కించాను. బొమ్మ తిరిగింది గానీ తలకిందులుగా తిరిగింది, ఎందుకంటే తయారుచేసినవాడు సెన్సారును తిరగేసి బిగించాడు, ఆ సంగతి లినక్స్‌కు మనమే చెప్పాలి, చెప్పాను. మడిచినప్పుడు కీలు పనిచేయకుండా చేశాను, రాసేచోట తాకితే తెర మీద తెలుగు అక్షరాలు పైకి లేచేలా చేశాను. చివరికి దాన్ని నిలువుగా పట్టుకొని అడ్డానికి తిప్పితే బొమ్మ కూడా నా చేతుల్లోనే గిర్రున తిరిగింది. పిల్ల సంబరపడి, అంతలోనే నా వైపు చూసి, "ఏంది తాతా, ఇంగా అట్లే పట్టుకోని ఉండావు?" అంది. మళ్లీ తలకిందులవుతుందేమో చూస్తున్నానని చెప్పాను. వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తున్న నా భార్య, ఆ బొమ్మ తిరగడం చూసి లోపలికి వెళ్లిపోయింది.

నా ఈడువాళ్లకు ఆ రోజుల గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. బంగారు అంగళ్ల వెనక సందులో నాకు ఒక గది ఉండేది, మొదట్లో అది టైపు నేర్పే చోటు, కంప్యూటర్లు వచ్చాక కరపత్రాలూ బ్యానర్లూ తయారయ్యే చోటు, ఆ తరువాత చెడిపోయిన కంప్యూటర్లు బాగయ్యే చోటు. ఎలక్షన్లు వస్తే రెండు పార్టీలవాళ్లూ, పార్టీల పేర్లు చెప్పుకొనే రెండు వర్గాలవాళ్లూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఒక పక్షం మనుషులు కుర్చీల్లో కూర్చొని తమ నాయకుడి ఫోటోకు మీసం నల్లగా రావడం లేదని నన్ను సతాయిస్తుంటే, రెండో పక్షం వాళ్లు ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి, వీళ్లు వెళ్లి సందు మలుపు తిరిగాక గానీ నా గడప తొక్కేవాళ్లు కాదు. ఆ మర్యాద ఎవరూ నేర్పింది కాదు, అందరికీ తెలిసిందే. నేను ఇద్దరి మీసాలూ నల్లగానే చేసేవాణ్ణి, ఒకరి మాట ఇంకొకరి దగ్గర ఎత్తేవాణ్ణి కాదు, ఎవరి బండీ ఎక్కేవాణ్ణి కాదు. మా వైపు ఒకరి బండెక్కి కూర్చుంటే ఇక వాళ్ల మనిషివైపోయినట్టే, దిగిన తరువాత కాదన్నా ఎవరూ నమ్మరు. ఊరి మధ్యలో అంగడి పెట్టుకొని ఎవరి మనిషీ కాకుండా బతకడమే నా గొప్ప అనుకునేవాణ్ణి, అందుకు కాస్త పొగరు కూడా ఉండేదేమో.

అయితే నా భార్య పుట్టింటి సంగతి వేరు. వాళ్లది తొండూరు దాటాక లోపలికి ఉండే ఊరు, తరతరాలుగా గొర్రెల మందలు, ఆ తరువాత కొద్దిగా సేద్యం. పిల్లనిచ్చిన మామగారి మందలో గొర్రెలన్నిటికీ వీపు మీద ఎడమ పక్కన ఎర్రమట్టి రంగుతో అడ్డగీత ఒకటి ఉండేది, ఏ సంతలో చూసినా ఇవి ఫలానావారివని చెప్పేయొచ్చు. ఆ ఊళ్లోనూ వర్గాలు ఉన్నాయి, ఒక బావి నీళ్లు తాగరు, ఒకరి పెళ్లికి ఒకరు పోరు, కానీ నేను పండక్కి పోతే మాత్రం రెండు వీధులవాళ్లూ అల్లుడొచ్చినాడనే పలకరించేవాళ్లు. వాళ్ల ఊరి ఆడబిడ్డ మెడలో తాళి జోలికి ఆ ఊరు పోదు, ఎంత పగలు రేగినా అల్లుడి మీద చెయ్యి పడదు, అది వాళ్ల కట్టుబాటు. ఒక యేడు ఊరు మండిపోతున్నప్పుడు మేము అక్కడ చిక్కుకుంటే, తెల్లవారక ముందు కత్తులు పట్టుకున్నవాళ్లే తెల్లవారాక నా సంచీ మోసుకొచ్చి బస్సెక్కించారు.

మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, తల్లి లేని పిల్లవాడు కాబట్టి అక్క చేతి మీదనే పెరిగాడు. మా ఇంట్లోనే ఉండి ప్రొద్దుటూరులో కాలేజీ చదివాడు, చదివాడు అనడం కంటే పోయివచ్చాడు అనడం న్యాయం. చదువు అబ్బలేదు గానీ వాడి చూపు మాత్రం అద్భుతం. చిన్నప్పటి నుంచీ మందల వెనక తిరిగినవాడు కాబట్టి, ఎంత దూరంలో ఉన్నా మనిషిని నడకను బట్టి, తల పట్టే తీరును బట్టి ఇట్టే చెప్పేసేవాడు. మిద్దె మీద నిలబడి, బావ వస్తాండాడు, అంగట్లో ఎవరితోనో పోట్లాడినట్టుండాడు అని వాళ్లక్కకు ముందే చెప్పేవాడట, అది నిజమయ్యేది కూడా. తరువాత్తరువాత వాళ్ల వైపు నాయకుడి దగ్గర తిరగడం మొదలుపెట్టాడు, నడుముకు ఏముందో కనబడనంత పొడుగు చొక్కాలు వేశాడు, మా ఇంటికి రావడం తగ్గింది. వచ్చినప్పుడు మాత్రం అక్క పెట్టిన సంగటి ముద్ద తిని, గోడకు ఆనుకొని కూర్చొని, పాత పిల్లవాడి లాగే నవ్వేవాడు. మాకు పిల్లలు లేరు, వాడే మా పిల్లవాడు అనుకున్నాం, ఇప్పుడు అనుకున్నా అదే మాట.

తరువాత ఒక యేడు ఎలక్షన్లు దగ్గర పడుతున్నప్పుడు జమ్మలమడుగు వైపు నుంచి ఒక పెద్దాయన నా అంగడికి వచ్చాడు. పేరు చెప్పను, ఊరూ చెప్పను, ఇప్పుడు వాళ్ల పిల్లలు మర్యాదగా వ్యాపారాలు చేసుకుంటున్నారు. మా బామ్మర్ది ఎవరి వెంట తిరుగుతున్నాడో ఆ నాయకుడికీ ఈయనకూ రెండు తరాల పగ. ఎప్పుడూ తెల్లచొక్కా తెల్లపంచె, మెత్తటి మాట, కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ తప్ప మిగిలిన వేళ్లు ఉండేవి కావు, వయసులో ఉన్నప్పుడు చేతిలోనే పేలిందని చెప్పుకునేవాళ్లు. ఆయన మనిషి ఒకడు సంచీలోంచి తీసి నా బల్ల మీద పెట్టిన వస్తువు లాంటిది అంతవరకూ నేను కళ్లతో చూడలేదు. అది కూడా ల్యాప్‌టాపే, కానీ తెర మధ్యలో ఒకే కాలు మీద నిలబడి ఉంటుంది, దాన్ని అటు నుంచి ఇటు తిప్పి కీబోర్డు మీద పరిస్తే పలక అయిపోతుంది, పక్కన గుచ్చి ఉన్న పెన్నుతో తెర మీదే రాయొచ్చు. బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసింది. లోపల విండోస్ పాడైపోయింది, దాని పాస్‌వర్డు చెప్పగలిగినవాడు లేడు.

ఆయనకు టైపు కొట్టడానికి వేళ్లు లేవు, పెన్ను మాత్రం ఆ రెండు వేళ్ల మధ్య ఇమిడేది. మండలాల పటం తెర మీద పెట్టుకొని, జీపులో పోతూ పోతూ ఏ ఊళ్లో ఎవరు మనవాళ్లో పెన్నుతో గీసుకోవాలని ఆయన కోరిక. నేను దీనికి లినక్స్ అయితేనే బాగుంటుందన్నాను. అది ఏ కంపెనీదని అడిగాడు. ఏ కంపెనీదీ కాదు, దేశదేశాలవాళ్లు కలిసి రాసి అందరికీ వదిలేసింది, ఎవరిదీ కాదు అని చెప్పాను.

"ఎవురిదీ కాకుండా ఏదన్నా ఉంటాదా అప్పా, ఈ జిల్లాలో?" అన్నాడు నవ్వుతూ.

లేచి పోతూ పోతూ, మాటల్లో మాటగా, మా అత్తగారిది ఏ ఊరని అడిగాడు. చెప్పాను. మంచి ఊరన్నాడు. పెద్దమనుషులు కుశలం అడిగే తీరే అది, నేను దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఆ పని చేసినన్ని రోజులూ నాకు అన్నం గుర్తుండేది కాదు, అంత సరదాగా ఉండేది. పెన్నును లినక్స్ గుర్తుపట్టేలా చేయడం ఒక ఎత్తు, తెర తిరిగినప్పుడు పెన్ను లెక్క కూడా దాంతోపాటే తిప్పడం ఇంకో ఎత్తు, లేకపోతే ముద్దనూరు మీద గీత గీస్తే అది పోయి వేముల మీద పడేది. అప్పటి ఆ యంత్రాల్లో, కింద పడబోతే లోపలి డిస్కును కాపాడటానికి వాలును కనిపెట్టే సెన్సారు ఒకటి ఉండేది. దాన్ని చదివి, పలకను ఎటు తిప్పితే బొమ్మ అటు తిరిగేలా నేనే నాలుగు వరుసల ప్రోగ్రాము రాసుకున్నాను. అప్పట్లో ఇలాంటివి చెప్పేవాళ్లు మన దగ్గర లేరు, ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఇంటర్నెట్‌లో రాసిపెట్టుకున్న ముక్కలు ఏరుకొని కుట్టుకోవడమే. నా బల్ల మీద ఆ బొమ్మ మొదటిసారి తిరిగినప్పుడు సందులో టీ అంగడివాణ్ణి కూడా పిలిచి చూపించాను.

పలక తీసుకుపోయిన కొన్నాళ్లకే కబురొచ్చింది. జీపులో పిచ్చిపట్టినట్టు తిరుగుతోందట. గుంత వస్తే చాలు బొమ్మ అడ్డం పడుతోంది, ఇంకో గుంతకు తలకిందులవుతోంది. కారణం నాకు వెంటనే తెలిసింది, బండి కుదుపును కూడా అది పలకను తిప్పినట్టే లెక్కేస్తోంది. కొత్త దిక్కు కనబడగానే తిరిగేయకుండా, కాస్త ఆగి, నిజంగానే తిప్పారని రూఢి చేసుకున్నాక తిరగమని చెప్పాలి. ఎంతసేపు ఆగాలన్నది మాత్రం కదిలే బండిలో కూర్చొని చూస్తే తప్ప తేలదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బామ్మర్ది ఇంటికి వచ్చి, తిని, చెయ్యి కడుక్కుంటూ, తల ఎత్తకుండానే, "బావా, ఎలక్షన్లయ్యేదాకా ఆ పక్కకు పోవాకు" అన్నాడు. ఏ పక్కకని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. నా భార్య అది విని మనసులో పెట్టుకుంది. జమ్మలమడుగు బయలుదేరుతున్న పొద్దున ఆమె నాకు చెప్పింది ఒకటే మాట, బండి మాత్రం ఎక్కొద్దని. బస్సులోనే పోతాను, ఆయన ఇంట్లోనే కూర్చొని చూసి బస్సులోనే వస్తాను అని నచ్చచెప్పాను. పెద్దింటికి పోతున్నాను కదా అని ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాను.

అక్కడికి పోయేసరికి బండి సిద్ధంగా ఉంది. వేంపల్లెలో పెళ్లికి పోతున్నాం, దారిలో చూసేస్తే అయిపోతుంది, సాయంత్రానికి ప్రొద్దుటూరులో దింపిస్తాను అన్నాడు పెద్దాయన. నేను గుమ్మం దగ్గరే నిలబడి, ఇంట్లో చూస్తే చాలదా అని నసిగాను. ఆయన బతిమాలలేదు, గదమలేదు, నా భుజం మీద ఆ రెండు వేళ్ల చెయ్యి వేశాడు. అలాంటి మనిషి నలుగురి ముందు కూర్చోమంటే కూర్చోనని చెప్పడం మా వైపు ఎంత కష్టమో మీకు తెలియంది కాదు, కాదంటే అదీ ఒక పక్షం తీసుకున్నట్టే అవుతుంది. ఆయన ఎప్పుడూ డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చుంటాడని జిల్లా అంతా ఎరుగును. ఆ రోజు మాత్రం ఆ తలుపు తనే తెరిచి, "ముందర కూచోప్పా, ఈడైతే నీకు ఎలుతురు బాగుంటాది" అని, తాను వెనక సీట్లోకి ఎక్కాడు. ఆయన వేసుకున్నది గళ్ల చొక్కా. ఆయన్ను రంగు చొక్కాలో చూడటం అదే మొదటిసారని నాకు అప్పుడు తట్టలేదు.

ముద్దనూరు దాటేదాకా నేను తల ఎత్తలేదు. కుదుపు వచ్చినప్పుడల్లా ప్రోగ్రాములో ఆగే సమయం కాస్త పెంచడం, పలకను తిప్పి చూడటం, మరీ ఆలస్యమైతే తగ్గించడం, ఇదే పని. ఎండ అద్దంలోంచి సూటిగా తెర మీద పడుతుంటే పలకను మొహానికి దగ్గరగా ఎత్తి పట్టుకొని చూస్తున్నాను. వెనక ఎవరూ మాట్లాడటం లేదు, పెళ్లికి పోయే బండిలో అంత నిశ్శబ్దం ఎందుకుందో కూడా నాకు పట్టలేదు, పని మీద పడితే నాకు లోకం పట్టదని నా భార్య ఊరికే అనదు. తొండూరు దాటాక దుమ్ము లేచింది, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకోబోయాను. అంతసేపూ నా వైపు చూడని డ్రైవరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, నాకు మాత్రమే వినబడేలా, "అద్దాలు తీయాకు సామీ, పెట్టుకో" అన్నాడు. దుమ్ము కళ్లలో పడుతుందని చెప్తున్నాడనుకొని పెట్టుకున్నాను. పెద్దాయనకు కళ్లద్దాలు లేవు, దూరం నుంచి చూసేవాళ్లకు మా ఇద్దరికీ ఉన్న తేడా అదొక్కటేనని అప్పుడు నాకు తెలియదు.

కల్వర్టు ముందు బండి నెమ్మదించింది. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. డ్రైవరు హారను కొట్టలేదు, నిలిపేశాడు. బండి ఆగడంతో కుదుపు పోయింది కదా అని నేను పలకను ఎత్తి పట్టుకొని నిలువు నుంచి అడ్డానికి తిప్పాను. బొమ్మ కాస్త ఆగింది, ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా తిరిగింది, నేను కోరుకున్నది కోరుకున్నట్టే. ఆ సంతోషంలో పలకను ఒళ్లోకి దించి, పెద్దాయనకు చెబుదామని తల ఎత్తాను. ఎత్తేసరికి ఎదురుగా, మంద మధ్యలో, గొంగళి కప్పుకొని మా బామ్మర్ది నిలబడి ఉన్నాడు.

గొర్రెల వీపుల మీద ఎర్రమట్టి అడ్డగీతలు ఉన్నాయి. వాడి చేతిలో మందకాపరి కర్ర లేదు, కుడిచెయ్యి గొంగళి లోపల ఉంది. కల్వర్టు గోడ మీదుగా నాకు రెండు తలగుడ్డలు కనిపించాయి, అటుపక్క కంపచెట్ల కింద చెప్పుల జతలు కనిపించాయి, ఆ చెప్పుల్లో కాళ్లు కూడా ఉన్నాయి. అవన్నీ చూస్తూనే ఉన్నాను గానీ నాకు అర్థమైంది మాత్రం వాడి కళ్లలో చూశాకే. ఎంత దూరం నుంచైనా నన్ను గుర్తుపట్టగలిగినవాడు, పలక వెనక మొహం కనిపించక, తెల్లచొక్కా ముందు సీట్లో కనిపించి, అంత దగ్గరికి వచ్చేదాకా నన్ను గుర్తుపట్టలేదు. వాడు కదల్లేదు. నేనూ కదల్లేదు. ఒక గొర్రె బండి చక్రం వాసన చూసి తుమ్మింది, ఇప్పటికీ ఆ తుమ్ము నా చెవిలో ఉంది. పలకలో బొమ్మ ఆగినంతసేపే వాడూ ఆగాడు. తరువాత గొంగళిలోంచి చెయ్యి ఖాళీగా బయటికి తీసి, నోటితో మందను అదిలించే కూత వేశాడు. గొర్రెలు రెండుగా చీలి దారి ఇచ్చాయి. వాడు మాకు వీపు పెట్టి వాటి వెనక నడిచిపోయాడు. కల్వర్టు గోడ వెనక నుంచి ఎవరో వాణ్ణి గట్టిగా పిలిచారు, వాడు వెనక్కి తిరగలేదు.

బండి కదిలింది. చాలా దూరం పోయాక, వెనక సీట్లో కిందికి వంగి ఉన్న పెద్దాయన లేచి సర్దుకొని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"ఎవురప్పా ఆ గొర్లోడు? తెలిసినోడా?"

"తెలీదు సార్," అన్నాను.

ఆయన తొందరపడలేదు. గొంతు ఇంకా మెత్తగా చేసుకొని, "అల్లునికి మర్యాద బాగా చేసినారప్పా, మీ అత్తగారి ఊరోళ్లు" అన్నాడు.

పులివెందుల వచ్చేదాకా నేను పలకను ఒళ్లోంచి ఎత్తలేదు. ఆయన నన్ను ఎందుకు ముందు సీట్లో పెట్టాడో ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నా తెల్లచొక్కాను తనదనిపించి తన చావు నా మీదికి తోశాడా, లేక ఆ ఊరి అల్లుడు ముందు ఉంటే ఆ ఊరి చెయ్యి లేవదని లెక్క కట్టి నన్ను అడ్డం పెట్టుకున్నాడా, రెండూ ఆయనకు ఒకటేనా అన్నది తేలలేదు. పలక జీపులో పిచ్చిగా తిరగడం మాత్రం సాకు కాదు, నిజమే, అది నేను నా కళ్లతో చూశాను. వేంపల్లెలో దిగగానే దాన్ని ఆయన చేతిలో పెట్టాను, అటూ ఇటూ తిప్పి, ఇప్పుడు బాగా కుదిరిందని మెచ్చుకున్నాడు. పెళ్లిభోజనం తినమన్నాడు. నేను కడుపులో బాగాలేదని చెప్పి బస్సెక్కాను.

ఇంటికొచ్చి నా భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాను. బండి ఎందుకు ఎక్కావని అడగలేదు. ఏడవలేదు కూడా.

"వాడు నిన్ను చూసినాడా?" అంది.

"చూసినాడు."

"ఆ కల్వర్టు కాడున్నోళ్లు వాన్ని చూసినారా?"

గోడ వెనక నుంచి ఎవరో వాణ్ణి పిలిచారని చెప్పాను. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఎలక్షన్లు ముగిసి, గెలిచినవాళ్లు టపాకాయలు కాల్చుకున్నాక, ఒక మధ్యాహ్నం వాడు నా అంగడికి వచ్చాడు. సందులో ఎవరూ లేని వేళ చూసి వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. వాడి పక్షంవాళ్లకే ఇప్పుడు వాడి మీద నమ్మకం లేదని, పెద్దాయన మనుషులు కూడా ఊళ్లో వాడి గురించి వాకబు చేస్తున్నారని అప్పటికే మామగారు కబురు చేసి ఉన్నారు, మందను సంతకు తోలి అమ్మేశారని కూడా తెలుసు. వాణ్ణి ఇంటికి రమ్మన్నాను, అక్క ఎదురుచూస్తోందన్నాను. వస్తే ఆ ఇంటి మీదికి కూడా చూపు పడుతుందన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఎటైనా దూరంగా పోయి బతకమని, దారి ఖర్చులకు ఉంచుకోమని జేబులో ఉన్నది తీసి ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకొని మూసేశాడు. బల్ల మీద ఎవరిదో కంప్యూటరు విప్పి ఉంటే దాని వైపు చూస్తూ కాసేపు కూర్చున్నాడు.

"ఆ పలక ఇంగ రవ్వంతసేపు ఎత్తుకోని ఉంటే, నేను నిన్ను చూసుండను బావా" అన్నాడు.

లేచి, సందు మలుపు దాకా పోయి, అక్కడ నిలబడి నా వైపు ఒకసారి చూశాడు. అదే ఆఖరు. బళ్లారిలో గనుల దగ్గర లారీ నడుపుతున్నాడని ఒకరు, అనంతపురం దాటక ముందే దారి కాచారని ఒకరు చెప్పారు. చూశామని ఒట్టు పెట్టి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. మామగారు ఆ బెంగతోనే పోయారు. నా అంగడికి రెండో పక్షం వాళ్లు రావడం మానేశారు, పెద్దాయన బండిలో ముందు సీట్లో కూర్చున్నవాణ్ణి కదా, నేను ఎవరి మనిషినీ కాదంటే ఎవరు వింటారు. ఇంకొన్నాళ్లు నడిపి మూసేశాను. పెద్దాయన మాత్రం మంచం మీద, మనవళ్ల మధ్య, కాలం తీరి పోయాడు, ఆయన అంత్యక్రియలకు జిల్లా కదిలిందని పత్రికల్లో చదివాను.

ఇప్పుడు ఆ రోడ్డు మీద గుంతలు లేవు. జీపులో పలక పట్టుకొని కూర్చున్నా బొమ్మ వణకదు. కల్వర్టును వెడల్పు చేశారు, కంపచెట్లు కొట్టేశారు, పక్కన ఒక ధాబా వెలిసింది. అప్పటి పగలవాళ్ల మనవళ్లు ఒకే అపార్టుమెంటులో పైకీ కిందికీ ఉంటున్నారని, ఒకరి పిల్లల పుట్టినరోజుకు ఒకరు పోతున్నారని విన్నాను. మంచిదే, చచ్చినవాళ్లు ఎలాగూ తిరిగిరారు. గొర్రెలను కూడా ఇప్పుడు లారీల్లోనే తోలుతున్నారు, రోడ్డు మీద మంద కనబడటం అరుదైపోయింది. ఎప్పుడైనా మేమిద్దరం వేంపల్లె వైపు షేరు ఆటోలో పోతుంటే, ఎక్కడైనా మంద అడ్డం వస్తే, నా భార్య ఆటోను ఆపమంటుంది. డ్రైవరు విసుక్కుంటాడు, వెనక కూర్చున్నవాళ్లు గొణుగుతారు, ఆమె ఎవరినీ లెక్కచేయదు. తల బయటికి పెట్టి కాపరి మొహం చూస్తుంది, చూశాక పోనిమ్మంటుంది. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు.

మొన్న పిల్ల కంప్యూటరు ముందు పెట్టుకొని నేను ఇదంతా తలచుకుంటూ ఊరికే కూర్చోలేదు, ఇంకో పని కూడా చేశాను. ఇప్పటి యంత్రాల్లో బొమ్మ చెయ్యి కదపగానే తిరిగేస్తుంది, ఆగడమన్నది లేదు. పాత రోజుల్లో రాసుకున్న నాలుగు వరుసలు నా వేళ్లకు ఇంకా గుర్తే, వాటిని ఈ కొత్తదానికి సరిపోయేలా మళ్లీ రాసి పెట్టాను. పిల్ల తిప్పి చూసి, "ముందే బాగుండె కదా తాతా, ఇప్పుడెందుకు ఆలస్యంగా తిరుగుతాంది?" అని మొహం చిట్లించింది. కుదుపులకు తిరగకుండా ఉంటుందని చెప్పాను. అప్పటికి నా భార్య వంటింట్లోంచి మళ్లీ వచ్చి నా వెనక నిలబడి ఉంది. పిల్ల చేతిలోంచి ఆ పలకను తీసుకొని, నిలువు నుంచి అడ్డానికి తిప్పి, బొమ్మ తిరిగేదాకా కళ్లార్పకుండా చూసింది.

"ఇంతసేపేనా వాడు ఆగింది?" అంది.

ఇంతే అన్నాను.